ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతే మదర్‌బోర్డు పోయినట్టేనా?

కర్నూలులో ఉన్నంత కాలం ఏ ఇబ్బందీ పెట్టని కంప్యూటర్, సామానుతో పాటు బండిలో అనంతపురం చేరిన మరునాటి నుండి ఆన్ కావడం లేదని, బటన్ నొక్కితే లోపలి ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతోందని, వెంటనే మళ్ళీ నొక్కితే ఆ మాత్రం చలనం కూడా ఉండడం లేదని మీరు రాశారు. 2019లో విడిభాగాలతో కట్టించుకున్న యంత్రమనీ, 9వ తరం ఐ5 ప్రాసెసర్, విడిగా ఒక గ్రాఫిక్స్ కార్డు, రెండు ర్యామ్ స్టిక్కులు, ఒక హార్డ్‌డిస్క్ ఉన్నాయనీ చెప్పారు. దగ్గరలోని దుకాణంలో చూపిస్తే మూత కూడా తీయకుండానే, భాగాలన్నిటినీ కలిపే పెద్ద పలక అయిన మదర్‌బోర్డు పోయిందన్నారట. పిల్లల ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయన్నది మీ అసలు దిగులు. కడపలో 20 ఏళ్ళకు పైగా ఇదే పని మీద బతుకుతున్నవాడిని కనుక నాకు తెలిసినంతలో వివరంగా చెబుతాను. మూత తీయని మనిషి బోర్డు పోయిందని ఎలా చెప్పగలిగారో మాత్రం నాకు అర్థం కాలేదు.

నిన్నటి దాకా పనిచేసిన యంత్రం ఈరోజు పనిచేయకపోతే, ఈ రెండు రోజుల మధ్య ఏం మారిందన్నది మొదట అడగవలసిన ప్రశ్న. ఇల్లు మారినప్పుడు మారేవి రెండే: ఒకటి దారిలో తగిలిన కుదుపు, రెండోది కొత్త ఇంటి కరెంటు. కర్నూలు నుండి డోన్, గుత్తి మీదుగా అనంతపురం దాకా ఉన్న 44వ నంబరు జాతీయ రహదారి నున్నగానే ఉంటుంది. కంప్యూటర్‌ను ఇబ్బంది పెట్టేవి ఆ 150 కిలోమీటర్లు కావు, రెండు కొసల్లో ఉండే సందులు, వాటిలోని స్పీడ్ బ్రేకర్లు, మేడ మెట్లమీద ఒక చేత్తో క్యాబినెట్‌ను, ఇంకో చేత్తో బిందెను పట్టుకుని ఎక్కే కూలీల తొందర. కుదుపు వల్ల చిప్పులు మాడిపోవు, గాట్లలో బిగించినవి వదులవుతాయి. ఇల్లు మారాక నా దగ్గరికి వచ్చిన యంత్రాల్లో ఎక్కువ వాటికి ఏ విడిభాగమూ కొనవలసిన అవసరం రాలేదు.

మీరు చెప్పిన లక్షణంలో ఒక మంచి కబురు ఉంది. ఫ్యాన్ ఒక్క చుట్టైనా తిరిగిందంటే గోడ ప్లగ్గు నుండి కరెంటు లోపలికి వస్తోంది, ముందున్న బటన్ పనిచేస్తోంది, బోర్డు ఆ నొక్కును గుర్తించి, భాగాలన్నిటికీ కరెంటు పంచే డబ్బా అయిన ఎస్ఎంపీఎస్‌ను మేల్కొలిపింది, అది కూడా మేల్కొంది. ఆ తర్వాత అర సెకనులోనే ఎవరో ఒకరు వద్దనుకుని ఆపేశారు. సాధారణంగా ఆపేది ఎస్ఎంపీఎస్సే: ఎక్కడైనా తీగలు కలిసిపోయి షార్ట్ అయినట్టు కనిపిస్తే తననూ బోర్డునూ కాపాడుకోవడానికి అది తలుపు వేసుకుంటుంది. చాలా ఎస్ఎంపీఎస్‌లు ఒకసారి అలా ఆగిపోతే ప్లగ్గు పీకి కాసేపు ఉంచేదాకా మళ్ళీ తెరుచుకోవు. రెండోసారి నొక్కితే చలనం లేకపోవడానికి కారణం అదే తప్ప, మొదటి నొక్కుకు మిగిలి ఉన్న ప్రాణం కూడా పోయిందని కాదు. కాబట్టి ఇక మీదట ప్రతి ప్రయత్నానికీ ముందు ప్లగ్గు పీకి, బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకుని, ఒక నిమిషం ఆగి అప్పుడు పెట్టండి. ఇది చేయకపోతే లోపల సరిచేసినా సరికానట్టే కనిపిస్తుంది, మీరు దారి తప్పుతారు.

గోడ వైపు పని మీ విషయంలో త్వరగానే తేలిపోతుంది. యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ రెండింటినీ పక్కన పెట్టి, ఇంట్లో ఫ్రిజ్ చక్కగా ఆడుతున్న ప్లగ్గు ఏదో చూసి, దానికి నేరుగా పెట్టి చూడండి. చాలా రోజులు చార్జింగ్ లేకుండా మూలన పడి ఉన్న యూపీఎస్ బ్యాటరీ, ఎక్స్‌టెన్షన్ బాక్సులో అరిగి వదులైన పిన్ను, ఇలాంటి అవకతవకలకు తరచుగా కారణమవుతాయి. వెనక ఎస్ఎంపీఎస్ దగ్గర ఉన్న చిన్న స్విచ్ గీత వైపు నొక్కి ఉందా సున్నా వైపు ఉందా అన్నది ఫ్యాన్ అసలే తిరగనివారు చూసుకోవలసిన విషయం. అయితే పాత ఎస్ఎంపీఎస్ అయితే అక్కడే 115, 230 అని రాసి ఉన్న ఎర్రని చిన్న స్విచ్ ఒకటి ఉంటుంది. సామాను రాపిడికి అది 115 వైపు జరిగిన స్థితిలో మన 230 వోల్టుల కరెంటుకు పెడితే టప్పుమని పేలడం ఖాయం, కనుక అది ఉంటే ప్లగ్గు పెట్టకముందే చూడండి.

ఎర్త్ గురించి మాత్రం రెండు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన సీమలో దీన్ని పట్టించుకునే ఇంటి యజమాని అరుదు. క్యాబినెట్ లోహపు అంచును తడి చేత్తోనో ఒట్టి కాళ్ళతోనో తాకినప్పుడు జివ్వుమంటే ఆ ప్లగ్గులో ఎర్త్ లేనట్టే. ఎస్ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కోసం పెట్టే చిన్న కెపాసిటర్లు (విద్యుత్తును నిలవ ఉంచే భాగాలు) ఫేజుకూ డబ్బాకూ మధ్య, న్యూట్రల్‌కూ డబ్బాకూ మధ్య ఉంటాయి కనుక, ఎర్త్ తీగ లేకపోతే డబ్బా మీద సగం వోల్టేజీ, అంటే 115 దరిదాపుల్లో తేలుతూ ఉంటుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది, అందరూ లోపల ఏదో కాలిపోయిందని భయపడతారు. మల్టీమీటర్ వాడడం వచ్చిన ఎలక్ట్రీషియన్ ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వచ్చినంతే రావాలి. బాగా తక్కువ వచ్చినా, అంకె నిలకడ లేకుండా ఊగినా ఎర్త్ లేదని అర్థం. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గుంత అనంతపురం ఎండలకు ఎండి బీటలు వారితే అది ఉన్నా లేనట్టే. ఎండాకాలం వారానికోసారి అందులో రెండు బిందెల నీళ్ళు పోయించమని మీ ఇంటి యజమానిని అడగండి. బాడుగ ఇల్లే అయినా అది అడగడానికి మొహమాటపడవలసిన పని లేదు.

ఇక మూత తీయవచ్చు. ప్లగ్గు పూర్తిగా పీకేసి, క్యాబినెట్‌ను మంచం మీద కాకుండా బల్ల మీద పెట్టుకోండి. తీయబోయే ముందు ఒక పని చేయండి: క్యాబినెట్‌ను రెండు చేతులతో ఎత్తి మెల్లగా అటూ ఇటూ ఒరగేసి చెవి పెట్టి వినండి. గలగలమనో టక్కుమనో శబ్దం వచ్చిందంటే మీ సమస్య సగం తేలినట్టే.

కొన్నేళ్ళ క్రితం ప్రొద్దుటూరు నుండి కడపకు మారిన ఒక కుటుంబం, అచ్చం మీరు చెప్పిన లక్షణంతోనే ఒక యంత్రాన్ని నా దగ్గరికి తెచ్చింది. నేను ర్యామ్ తీసి పెట్టాను, కార్డు తీసి పెట్టాను, వేరే ఎస్ఎంపీఎస్ తగిలించాను, ఏమీ మారలేదు. చివరికి బోర్డు మీదే అనుమానంతో దాన్ని విప్పి పైకెత్తితే, బోర్డుకూ క్యాబినెట్ రేకుకూ మధ్య ఉండే వేలెడైనా లేని ఖాళీలో ఒక చిన్న స్క్రూ ఇరుక్కుని ఉంది. హార్డ్‌డిస్క్ పట్టీ నుండి ఊడి, బండి కుదుపులకు దొర్లుకుంటూ వచ్చి, బోర్డు వెనకనున్న టంకం మొనలకూ రేకుకూ వంతెన వేసింది. దాన్ని తీసేసి మళ్ళీ బిగిస్తే యంత్రం మొదటి నొక్కుకే లేచింది. మధ్యాహ్నమంతా నేను పడిన పాట్లు ఎంతటివో ఆ స్క్రూ అంత చిన్నది. అప్పటి నుండి ఇల్లు మారి వచ్చిన యంత్రమంటే ముందు ఒరగేసి వింటాను, తర్వాతే మూత విప్పుతాను. మీరు కూడా టార్చిలైటు వేసి బోర్డు అంచుల వెంట, ముఖ్యంగా కింది అంచు దగ్గర, బాగా చూడండి. హార్డ్‌డిస్క్‌కూ కార్డుకూ బిగించవలసిన స్క్రూలు లెక్కకు సరిపోతున్నాయా అన్నది కూడా చూడండి.

దీని తర్వాత నేను చూసే చోటు చాలామందికి తట్టదు: క్యాబినెట్ ముందు వైపు ఉండే యూఎస్‌బీ రంధ్రాలు. మౌస్ రిసీవరో పెన్‌డ్రైవో అందులో ఉండగానే పరుపుల కింద పెట్టి తెచ్చి ఉంటే, అది వంగి లోపలి రేకుముక్కలు ఒకదానికొకటి తగిలి ఉండవచ్చు. కొన్ని బోర్డులు ఇలాంటప్పుడు ఓవర్ కరెంట్ అని తెర మీద రాసి 15 సెకన్లలో ఆగిపోతాయి. మరికొన్ని ఆ మాట కూడా చెప్పకుండానే ఆగిపోతాయి. ముందు రంధ్రాల నుండి బోర్డుకు వచ్చే తీగల కట్టను బోర్డు దగ్గర పీకేస్తే సరిపోతుంది, అది లేకపోయినా యంత్రం నడుస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు బరువైన వస్తువు. క్యాబినెట్ నిలబడి ఉండగా కార్డు అడ్డంగా వేలాడుతూ ఉంటుంది కనుక, దారి పొడుగునా ప్రతి గుంతలోనూ దాని తోక భాగం కిందికి ఊగుతూ వచ్చి ఉంటుంది. గాడిలో ఒక కొస పైకి లేచి, బంగారు రంగు గీతలు వంకరగా కనిపిస్తే అది సరిగ్గా కూర్చోలేదని అర్థం. గాడి చివరనున్న చిన్న ప్లాస్టిక్ నాలుకను నొక్కి కార్డును పూర్తిగా బయటికి తీసి ప్రస్తుతానికి పక్కన పెట్టండి. బోర్డుకు వచ్చే కరెంటు తీగలు రెండు కట్టలు: ఒకటి 24 పిన్నుల పెద్దది, మరొకటి ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నులది. రెండో దాన్ని చాలామంది మరిచిపోతారు. ప్రాసెసర్‌కు కరెంటు వెళ్ళేది దాని గుండానే. రెండింటినీ పీకి, క్లిప్పు టక్కుమనేదాకా మళ్ళీ నొక్కండి.

ర్యామ్ దగ్గర అందరికీ తెలిసిన వైద్యం ఒకటి ఉంది, అది నిజంగానే పనిచేస్తుంది. ముందు క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి మీ ఒంటి మీది స్థిర విద్యుత్తును వదిలించుకుని, రెండు స్టిక్కులనూ అంచులు పట్టుకుని తీయండి. పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే తెల్ల రబ్బరుతో బంగారు రంగు పిన్నులను ఒకే దిశలో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టును గాడికి దూరంగా దులిపి, ఒక్క స్టిక్కునే పెట్టండి. డీడీఆర్4 స్టిక్కుకు 288 పిన్నులు ఉంటాయి, వాటిలో ఒక్కటి ఆనకపోయినా యంత్రం మొరాయించవచ్చు. ఏ గాడిలో పెట్టాలన్నది బోర్డు మీదే రాసి ఉంటుంది. సాధారణంగా ప్రాసెసర్ నుండి లెక్కపెడితే రెండోది. రెండు కొసలూ సమానంగా దిగి, చెవుల్లాంటి క్లిప్పులు వాటంతట అవే మూసుకోవాలి. ర్యామ్ వల్ల వచ్చే ఇబ్బందిలో ఎక్కువగా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, తెర మాత్రం వెలగదు. మీకు ఫ్యాన్ ఆగిపోతోంది కనుక నా అనుమానం దీని మీద కొంచెం తక్కువే. అయినా మూత ఎలాగూ తీశారు కనుక ఈ అయిదు నిమిషాల పని చేసేయండి.

మీ ప్రాసెసర్‌తో కంపెనీ ఇచ్చిన కూలరే (దాన్ని చల్లబరిచే ఫ్యాన్) వాడుతుంటే, దాన్ని పట్టి ఉంచేవి నాలుగు ప్లాస్టిక్ మేకులు. కుదుపుకు మొదట ఊడేవి అవే. కూలర్‌ను వేలితో మెల్లగా కదిపి చూడండి. ఏ మూలైనా లేస్తే ఒక మేకు వదిలినట్టు. అటువంటప్పుడు యంత్రం సాధారణంగా కొన్ని సెకన్లు తిరిగి, ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోతుంది. మీరు చెప్పినట్టు ఒక్క చుట్టులోనే ఆగదు. కానీ దాన్ని అలాగే పదేపదే ఆన్ చేయడం మంచిది కాదు. ఒకవేళ ఊడి ఉంటే, కూలర్‌ను పూర్తిగా తీసి, వేడిని కూలర్‌కు చేర్చడానికి మధ్యలో పూసిన పాత పేస్టు గట్టిపడి ఉంటుంది కనుక స్పిరిట్ అద్దిన గుడ్డతో రెండు వైపులా తుడిచి, కందిబేడంత కొత్త పేస్టు నడిమధ్య పెట్టి, ఎదురెదురు మూలల మేకులను జతలుగా టక్కుమనేదాకా నొక్కండి. నాలుగూ దిగాయో లేదో బోర్డు వెనక నుండి చూస్తే తెలుస్తుంది. ఆరేళ్ళ పేస్టు ఎలాగూ ఎండిపోయి ఉంటుంది, ఈ వంకతో మారిస్తే నష్టం లేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. బోర్డు, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్కు, కరెంటు తీగలు రెండు కట్టలు, ముందు బటన్ తీగ, ఇవి తప్ప మిగతావన్నీ పీకేసి ఆన్ చేయండి. హార్డ్‌డిస్క్‌కు వెళ్ళే కరెంటు తీగ, డేటా తీగ రెండూ తీసేయడం మరిచిపోకండి. ఫ్యాన్ ఆగకుండా తిరిగితే మీరు గెలిచినట్టే. ఇక ఒక్కొక్కటే తగిలిస్తూ, ప్రతిసారీ ప్లగ్గు పీకి పెడుతూ చూస్తే, దేన్ని పెట్టగానే ఆగిందో అదే దొంగ. తెర మీద బొమ్మ కూడా చూడాలంటే మానిటర్ తీగను బోర్డుకే పెట్టాలి. కానీ మీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే దానికి సొంతంగా బొమ్మ చూపే శక్తి లేదు, కార్డు పెట్టేదాకా తెర నల్లగానే ఉంటుంది. దానికి కంగారు పడకండి. కార్డు పెట్టాక మానిటర్ తీగను కార్డుకే పెట్టాలన్నది చిన్న మాటే అయినా, దాన్ని బోర్డుకు పెట్టి రెండు రోజులు తలపట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను.

అన్నీ పీకేసినా ఒక్క చుట్టులోనే ఆగుతుంటే, మిగిలిన అనుమానితులు మూడు: ఎస్ఎంపీఎస్, బోర్డు, బోర్డు కిందనున్న ఏదో ఒక వస్తువు. ఎస్ఎంపీఎస్‌ను ఒంటరిగా పరీక్షించడానికి 24 పిన్నుల కట్టను బోర్డు నుండి పీకి, అందులోని ఆకుపచ్చ తీగ రంధ్రాన్నీ దాని పక్కనున్న నల్ల తీగ రంధ్రాన్నీ ఒక పిన్నుతో కలిపి, అప్పుడు ప్లగ్గు పెట్టి స్విచ్ వేయాలి. తీగలన్నీ నల్లగానే ఉండే కొత్త రకమైతే అది 16వ పిన్ను, లెక్క తప్పే అవకాశం ఉంది కనుక తెలిసినవారి చేతే చేయించండి. ఫ్యాన్ తిరిగితే మల్టీమీటరుతో పసుపు తీగ మీద 11.4 నుండి 12.6, ఎరుపు మీద 4.75 నుండి 5.25 వోల్టులు ఉన్నాయేమో చూడాలి. అయితే భాగాలేవీ తగిలించనప్పుడు సరిగ్గా చూపించి, వాటి బరువు పడగానే కూలబడే ఎస్ఎంపీఎస్‌లు కూడా ఉంటాయి. అందుకే నేను ఈ కొలతను సగమే నమ్ముతాను, పక్కింటివారి మంచి ఎస్ఎంపీఎస్ ఒక గంట అరువు తెచ్చి తగిలించడం దీనికంటే నయం. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం మీరు విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కొంతసేపు అది అలాగే నిలిచి ఉండవచ్చు. ఒకసారి నా దగ్గరికి వచ్చిన దాన్ని ఒక రోజంతా వదిలేసి విప్పితే, లోపల ఎండిపోయిన బల్లి ఉంది. పాత ఇంట్లో వెచ్చగా ఉందని చేరి ఉంటుంది.

యంత్రం లేచాక కొన్ని చిన్న చిక్కులు రావచ్చు. తేదీ వెనక్కి పోయి ఉంటే బోర్డు మీదున్న నాణెంలాంటి బ్యాటరీ అయిపోయింది. దాని పేరు సీఆర్2032, 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అన్నదే ఆ అంకెల అర్థం, గడియారాలు బాగుచేసే దుకాణంలో కూడా దొరుకుతుంది. అది అయిపోతే బోర్డు తన సెట్టింగులన్నీ మరిచిపోతుంది. అప్పుడు బూట్ వరుస, అంటే ఏ డిస్క్ నుండి మొదలవ్వాలన్న క్రమం, మారవచ్చు, డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి ఏహెచ్‌సీఐ నుండి మరొకదానికి మారి విండోస్ నీలం తెర చూపవచ్చు. బోర్డు సెట్టింగులు ఉండే సెటప్‌లోకి వెళ్ళి ఇంతకు ముందున్నట్టు పెడితే చాలు, విండోస్ మళ్ళీ ఎక్కించనక్కరలేదు. 48 అంకెల రికవరీ కీ అడిగితే మీ డిస్క్ బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉందన్నమాట, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి ఫోన్ నుండి వెళ్ళి వెతకండి. డిస్క్ దొరకలేదని తెర మీద రాస్తే సన్నని డేటా తీగను రెండు వైపులా ఒకసారి తీసి పెట్టండి.

ఫోటోల సంగతి మీరు చివర్లో రాశారు గానీ, నేనైతే దాన్నే మొదట తేల్చుకుంటాను. ఫోటోలు ఉండేది హార్డ్‌డిస్క్‌లో, బోర్డులో కాదు. బోర్డు నిజంగానే పోయినా డిస్క్‌కు ఏమీ కానక్కరలేదు. ఆఫ్‌లో ఉన్న డిస్క్‌లో చదివే తలలు పక్కకు వాలి ఉంటాయి కనుక బండి కుదుపును అది బాగానే తట్టుకుంటుంది. డిస్క్‌ను తీసి, విడిగా కరెంటు తీసుకునే యూఎస్‌బీ డాకులో పెట్టి, ఇంకో కంప్యూటరుకు తగిలించి ఫోటోలు ముందే కాపీ చేసుకోండి. తాళం ఉన్న డిస్కైతే పైన చెప్పిన కీ అక్కడ కూడా అడుగుతుంది. తగిలించగానే టిక్కు టిక్కుమని గడియారంలా కొట్టుకుంటే వెంటనే ఆపేయండి. అటువంటి డిస్క్‌ను మరో నాలుగుసార్లు తిప్పి చూడడం వల్ల ఉన్నవి కూడా పోతాయి, దాన్ని డేటా తీసే పనే చేసేవారికి ఇవ్వాలి.

ఇవన్నీ చేసినా లేవకపోతే దుకాణానికి వెళ్ళండి. మంచి ఎస్ఎంపీఎస్, మంచి ర్యామ్ పెట్టి, బోర్డును క్యాబినెట్ నుండి బయటికి తీసి అట్టముక్క మీద పెట్టి, మీ ముందే ఆన్ చేసి చూపించమనండి. అలా చూపించాక చెబితే బోర్డు పోయిందన్న మాటను ఒప్పుకోవచ్చు. మీ ప్రాసెసర్‌కు సరిపోయే బోర్డులు కొత్తవి దొరకడం ఇప్పుడు కష్టం కనుక, ఆ ఒక్క మాట మీద ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చవలసి రావచ్చు. అందుకే దాన్ని తేలిగ్గా ఒప్పుకోవద్దంటున్నాను. డిస్క్‌ను ఇంట్లోనే ఉంచి మిగతా డబ్బా మాత్రమే తీసుకెళ్ళండి, ఈ పరీక్షకు వారికి దానితో పని లేదు.

మళ్ళీ రాసేటప్పుడు మూడు సంగతులు చెప్పండి: ఒరగేసినప్పుడు శబ్దం వచ్చిందా, అన్నీ పీకేశాక ఫ్యాన్ ఎంతసేపు తిరిగింది, ఎస్ఎంపీఎస్ చీటీ మీద 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లని ఉంది. గ్రాఫిక్స్ కార్డు పేరు కూడా రాస్తే, ఆ ఎస్ఎంపీఎస్ దాన్ని మోయగలదో లేదో లెక్కవేసి చెబుతాను.